లినక్స్‌కి రాదట

దొవ్లెత్ మూడో కంచం పలావు ముగించి, కింది పెదవి మీది కొవ్వుని బొటనవేలితో తుడుచుకుని, ఆ వేలిని మోకాలికి రాసుకుని, అప్పుడు కీబోర్డు మీద చెయ్యి వేశాడు. తవస్ గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. అతనికోసమే తెచ్చింది. అతను అందుకోలేదు. మోకాలు అంత దగ్గర్లో ఉండగా తువ్వాలెందుకని కాబోలు.

"ఇదేంటి వదినా, ఈ పక్షి?" అన్నాడు తెర మీది బొమ్మ చూసి.

"పెంగ్విన్. లినక్స్ అంటారు."

"అంటారని నాకూ తెలుసులే. అది హ్యాకర్లు వాడేది. బైరమ్ అన్న పెళ్ళానికెందుకు?"

"స్కూలువాళ్ళు పారేస్తున్న కంప్యూటరు అండీ ఇది. మామూలుది ఎక్కించబోతే అరగంట మూలిగి ఆగిపోయింది. మా మెర్దాన్ ఇది ఎక్కించాడు. మూడేళ్ళనుంచి నోరెత్తకుండా పనిచేస్తోంది."

వయసులో అతను ఆమెకంటే చిన్న, గ్యాసు బావుల దగ్గర పనికెళ్ళిన భర్త బైరమ్ వైపునుంచి వరసకి మరిది. అయినా ఆఫీసు మనిషి కాబట్టి ఆమె 'మీరు' అనేది. అతను అడగలేదు, వద్దనీ అనలేదు.

"నా దగ్గరున్నవన్నీ ఫోన్లకి, వదినా. లినక్స్‌కి రాదు. ఈ పక్షిని పీకి పారేస్తే అప్పుడు చూద్దాం."

పొద్దున్న పదింటినుంచి సాయంత్రం ఆరింటిదాకా దొవ్లెత్ ఉద్యోగం ఇంటర్నెట్‌లో తలుపులు మూయడం. ఏ పేజీ కనపడకూడదో, ఏ దేశంతో ముఖాముఖి మాట్లాడకూడదో జాబితాలు వస్తాయి, అతను మూస్తాడు. ఆరు దాటాక వీధివీధికీ తిరిగి అవే తలుపులకి తాళంచెవులు ఇస్తాడు. వాటినే వీపీఎన్ అంటారు. పక్క సందులోంచి దూరి బయటి ప్రపంచంలో తేలే దారి. తెజెన్ ఊళ్ళో ఇదొక వింతగా ఎవరూ చెప్పుకోవడం మానేసి చాలా కాలమైంది. తవస్‌కి మాత్రం ఒకటి ఎప్పటికీ వింతే. ఆ మనిషి ముఖంలో ఎక్కడా, చెవి వెనకైనా, సిగ్గు ఛాయ కనపడేది కాదు.

మూల కూర్చున్న మైసా అతని నోటి వైపే కన్నార్పకుండా చూస్తోంది. దానికి ఏడేళ్ళు. పుట్టు చెవుడు. మాట వినపడని పిల్లకి మనిషి నోరే పుస్తకం. ఈ పుస్తకంలో ఇవాళ పలావు తప్ప ఏమీ లేదు.

ప్రతి శనివారం పన్నెండింటికి పరాయి దేశంలోని కజాన్ నుంచి రుషానియా టీచరు తెర మీదికి వచ్చి దానికి చేతి మాటలు నేర్పేది. ఊళ్ళో నేర్పేవాళ్ళు లేరు. ఫోనులో చూపిస్తే టీచరు వేళ్ళు జీలకర్ర గింజలంత కనపడతాయి, ఏ వేలు మడిచిందో ఏది చాపిందో పిల్లకి అంతుపట్టదు. అందుకే ఈ పెద్ద తెర. తలుపులు కొత్తగా బిగించాక రెండు శనివారాలు తెర నల్లగానే ఉండిపోయింది. నిన్న టీచరు మామూలు ఫోనులో, గొంతు తగ్గించి చెప్పింది. వరసగా మూడు పాఠాలు పోతే ఆ గంట ఇంకో పిల్లకి ఇచ్చేయాలట. అది వాళ్ళ కేంద్రం నియమం. నలభైమంది పిల్లలు వరసలో ఉన్నారట.

"ఈ శనివారానికి కావాలండీ," అంది తవస్. "తప్పితే పిల్ల పాఠం పోతుంది."

"అబ్బ, నువ్వడిగాక కాదంటానా." అతను జేబులోంచి చిన్న డ్రైవు తీసి గుచ్చాడు. ఏదో ఎక్కించాడు. సాలీడులా వేళ్ళు ఆడించాడు. పావుగంటకి కజాన్ వాతావరణం తెర మీద కనపడింది. అక్కడ వాన పడుతోంది.

"లినక్స్‌కి రాదన్నారుగా?"

"నా చేతికి వస్తుంది." సచక్ గుడ్డ మీదున్న రొట్టె మీద అరచెయ్యి ఆనించాడు. "ఈ రొట్టె మీద ఒట్టు వదినా, ఏడాదిదాకా కదలదు."

ఒట్టు పెట్టిన చేత్తోనే ఆ రొట్టె తుంచి, చారులో ముంచి నోట్లో వేసుకున్నాడు. తవస్ చూపు తిప్పుకుంది. రొట్టె మీద చెయ్యి వేసి అబద్ధమాడినవాళ్ళని ఆమె ఎరుగును. ఆ ఒట్టుని నమిలి మింగినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

వెళ్ళేటప్పుడు, మనలో మనకి డబ్బులేంటని తనే అని, సీమరేగు జాము సీసా ఒకటి, మిగిలిన మాంసం రొట్టె మొత్తం కట్టించుకుని వెళ్ళాడు. తవస్ కీబోర్డుని సబ్బు నీళ్ళ గుడ్డతో రెండుసార్లు తుడిచింది. 'ఎ' అక్షరం మీద మరక మూడోసారికి పోయింది.

తిరిగి చూస్తే మైసా బొటనవేలితో కింది పెదవి తుడుచుకుని, మోకాలికి రాసి, వాకిలి వైపు చూపించింది.

వచ్చినాయన వెళ్ళిపోయాడా, అని అడుగుతోంది.

*

మంగళవారం పొద్దున్నే, పిల్ల లేవకముందు, తవస్ కంప్యూటరు ముందు కూర్చుంది. ఏడాది ఒట్టు ఎన్నాళ్ళు నిలుస్తుందో ఆమెకి ఒక అంచనా ఉంది. నిలిచినంతసేపట్లో నమ్మదగ్గ దారి ఇంకొకటి ఎంచుకోవాలి.

బియ్యంలో రాళ్ళేరే ఓపికతో మొదలుపెట్టింది. 'పది మేలైన వీపీఎన్‌లు' అన్న పేజీలు ఏడు దొరికాయి. ఏడింటిలో ఏడు రకాలు మొదటి స్థానంలో ఉన్నాయి. ప్రతి దాని కిందా 'ఇప్పుడే కొనండి' అని ఎర్ర బొత్తాం. ఒక పేజీ రాసినావిడ వీటినన్నిటినీ మూడువందల గంటలు పరీక్షించానని చెప్పుకుంది. నవ్వు ముఖం, చారల చొక్కా. అదే ముఖం, అదే చొక్కా, ఇంకో చోట పళ్ళ డాక్టరుగా కనపడింది. పరీక్షల మధ్యలో పళ్ళు కూడా పీకుతుందేమో పాపం.

లినక్స్‌కి పనిచేస్తుందని టిక్కు పెట్టిన ఒక దాని లోపలికి వెళ్తే 'త్వరలో' అని రాసుంది. ఆ 'త్వరలో' కింద తేదీ అయిదేళ్ళ క్రితంది. ఇంకొకటి పూర్తిగా ఉచితం. ఉచితమైనదాన్ని ఆమె అత్తగారి ఊరగాయలా చూస్తుంది, ముందు మూత తీసి వాసన చూడాలి. షరతులు మొత్తం చదివింది, పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో, వాళ్ళ దారి వాడుకున్నందుకు మీ కంప్యూటరులోంచి ముక్కూముఖం తెలియనివాళ్ళని కూడా నడవనిస్తారని, ఏమాత్రం మొహమాటం లేకుండా రాశారు. మూత పెట్టేసింది. ఒకటి నిజంగా బాగుంది. లినక్స్‌కి సొంత ప్రోగ్రాము ఉంది, దాని లోపలి పనంతా ఎవరైనా చూసుకునేలా బయటపెట్టారు. చందా కట్టడానికి కార్డు అడిగారు. ఇక్కడి కార్డు సరిహద్దు దాటదు. పైగా అంత పేరున్నవాటిని దొవ్లెత్ ఆఫీసు అందరికంటే ముందు మూస్తుంది.

పదింటికల్లా వంటింట్లో టీ చల్లారిపోయింది. మూసేవాడు ఒక దొంగ. తెరుస్తామనేవాళ్ళు పది రకాల దొంగలు. మధ్యలో తన పిల్ల చేతులు.

అల్మాటీలో పనిచేస్తున్న తమ్ముడికి రాసింది. మెర్దాన్ నిమిషంలో జవాబిచ్చాడు. 'అక్కా, వాటి జోలికి పోకు. నేను నెలకింత ఇచ్చి బయట ఒక చిన్న కంప్యూటరు పెట్టుకున్నా. దాంట్లో నీకొక దారి వేస్తా. ప్రోగ్రాము కూడా అక్కర్లేదు, ఒక చిన్న ఫైలు చాలు. నీ పెంగ్విన్‌కి అది పుట్టుకతోనే తెలుసు.'

మధ్యాహ్నానికి ఫైలు వచ్చింది. నలభై నాలుగు ఇంగ్లీషు అక్షరాల, అంకెల తాళంచెవి ఉండాల్సిన వరస మాత్రం ఖాళీగా ఉంది. అది రేపు విడిగా పంపుతానన్నాడు, జాగ్రత్త మనిషి.

రేపు, అంటే బుధవారం, సరిగ్గా పన్నెండుంబావుకి దొవ్లెత్ ఒట్టు చచ్చిపోయింది. ఏడాది రెండు రోజుల్లో గడిచిపోయింది.

ఫోను చేస్తే అతను ఏదో నములుతున్నాడు.

"పోయిందా? ఇవాళ పెద్ద జాబితా వచ్చింది వదినా. పైవాళ్ళ పని."

"మూసింది ఎవరండీ?"

"మూయడం నేనే మూశా. ఉద్యోగం కదా."

"మీరిచ్చినదాన్ని మీరే మూశారా?"

"మూయకపోతే మళ్ళీ ఎలా ఇస్తాను?" అన్నాడు, ఆమె తెలివితక్కువతనానికి జాలిపడుతున్నట్టు. "శనివారం వస్తాలే. మధ్యాహ్నం. మాంసం కూరి ఫిచ్చి రొట్టె చేస్తావుగా?"

"పాఠం పన్నెండింటికి."

"పన్నెండింటికి నేను స్నానంలో ఉంటా. ఒంటిగంటన్నర చేసుకో."

తవస్ ఫోను పెట్టేసి, ఫోనుని కూడా తుడిచింది.

*

తాళంచెవి పంపే దారి మూసుకుపోవడంతో సాయంత్రం మెర్దాన్ మామూలు ఫోనుకి చేశాడు. మామూలు ఫోను వినేవాళ్ళు ఉంటారని అక్కాతమ్ముళ్ళిద్దరికీ తెలుసు.

"అక్కా, మన చుట్టాలందరి క్షేమం కనుక్కుందామని చేశా. కాగితం తెచ్చుకో. నలభై నాలుగు మంది ఉన్నారు."

తవస్‌కి ఒక్క క్షణం పట్టింది. "అందరినీ ఒకేలా రాయాలా?"

"ఎలా కుదురుతుంది? లావుగా ఉన్నవాళ్ళని పెద్దగా రాయి. సన్నగా ఉన్నవాళ్ళని చిన్నగా. పేరు మొత్తం దేనికి, మొదటి అక్షరం చాలు. మధ్యలో పిల్లలెంతమందని అడుగుతా, ఆ అంకె వేసుకో."

"అడుగు."

"గుల్షత్ అత్త ఎలా ఉంది?"

"ఏ గుల్షత్? ఇద్దరున్నారు."

"తలుపు పక్కకి తిరిగి దూరే గుల్షత్."

పెద్ద 'జి' రాసుకుంది.

"సోనా?"

"గాలికి ఎగిరిపోయేట్టుంది, ఎప్పటిలాగే."

"దానికి పిల్లలెంతమంది?"

"ఏడుగురు."

"అయ్యో. సరే, ఆయ్నా పిన్ని? కులాసాయేనా?"

"కులాసాయే."

ముప్పావుగంట పట్టింది. వినేవాడెవడైనా ఉంటే, ఇంత పెద్ద కుటుంబంలో ఒక్కడికీ ఒంట్లో బాగాలేకపోవడం లేదేమిటా అనుకుని ఉంటాడు. చివర్లో మెర్దాన్ గొంతు మారింది.

"అక్కా, ఒక్క ఇల్లే. ఎవరికీ ఇవ్వకు. పులిసిన పిండి కాదు ఇది, అడిగినవాళ్ళకల్లా ముద్ద తీసి పెట్టడానికి. పది ఇళ్ళవాళ్ళు ఒకే పెరటిదారిన నడిస్తే తెల్లవారేలోపు అడుగులు కనపడిపోతాయి. నాకింకో దారి వేయడం కుదరదు."

గురువారం పొద్దున నలభై నాలుగు మందినీ ఎక్కించింది. తెరుచుకోలేదు. కాగితంతో మూడుసార్లు సరిచూసింది. అందరూ కాగితం మీద ఉన్నట్టే ఉన్నారు. మళ్ళీ ఫోను చేసి నలభై నాలుగు మంది క్షేమం రెండోసారి అడిగితే ఎంత వెర్రివాడికైనా అనుమానం వస్తుంది. మైసా కుర్చీ చేతి మీద కూర్చుని ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి తల్లి ముఖం చూస్తోంది. అది కాదు. ఇది కాదు. ఇదీ కాదు. పిల్ల వేలు ఆగిన ప్రతిచోటా తవస్ తల అడ్డంగా ఊపింది, ఊపి ఊపి మెడ పట్టింది.

పదకొండింటికి తందూరు వేడెక్కింది. రొట్టెలు గోడకి అంటిస్తుండగా రెండు సందుల అవతలినుంచి ఆయ్నా పిన్ని వచ్చి పెరట్లో తాప్చాన్ బల్ల మీద కూలబడింది. తవస్ టీ, కలకండ ముందు పెట్టింది. పిన్ని కలకండ గిన్నె దూరం జరిపింది.

"నాకొద్దే. డాక్టరు నోరు కుట్టేశాడు."

తవస్ రొట్టె తీసే కొక్కెం పట్టుకుని అలాగే ఆమెని చూస్తూ ఉండిపోయింది. పిన్ని గౌను భుజాలమీంచి కర్రకి తగిలించినట్టు వేలాడుతోంది. కంటికి అలవాటైపోయి చూడటం మానేసిన సంగతి.

"పిన్నీ, నువ్వెప్పుడు చిక్కావు?"

"షుగరు వచ్చాక. రెండేళ్ళు కాలేదూ?"

మెర్దాన్ ఊరు వదిలి మూడేళ్ళు. వాడి కళ్ళలో పిన్ని ఇంకా మునుపటి లావు పిన్నే.

తవస్ కొక్కెం అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది. చిన్న 'ఎ' చెరిపి పెద్ద 'ఎ' కొట్టింది. తెర మూలన చిన్న తాళంకప్ప బొమ్మ పచ్చగా వెలిగింది. కజాన్‌లో ఇంకా వాన పడుతూనే ఉంది. మైసాని ఎత్తుకుని బయటికొచ్చి పిన్ని బుగ్గలు రెండూ ముద్దు పెట్టుకుంది.

"ఏమే," అంది ఆయ్నా పిన్ని టీ ఒలికిన ఒడి దులుపుకుంటూ, "నేను చిక్కానంటే నీకంత సంబరమేంటే? అవతల నీ రొట్టె మాడుతోంది చూసుకో."

*

శుక్రవారం పొద్దు ఇంకా వాలకముందే ఒగుల్‌బీబీ పెద్దమ్మ ఖాళీ గిన్నెతో వచ్చింది. పొద్దు కూకాక పులిసిన పిండి ఇంట్లోంచి బయటికి పోకూడదు, అందుకే ఆ వేళకి వస్తారు. ఆమె దొవ్లెత్ తల్లి. కొడుకుతో కలిసి వీధి చివర కొత్త ఇంట్లో ఉంటుంది. ఆ ఇంట్లో పులిసిన పిండి లేకపోవడం ఏమిటని తవస్ అనుకుంటూనే ముద్ద తీసి గిన్నెలో పెట్టింది.

పెద్దమ్మ గిన్నె అందుకుంది కానీ కదల్లేదు.

"పిల్ల పాఠానికి ఏదో దొరికిందటగా. మీ ఆయ్నా పిన్ని నువ్వు గంతులేశావని చెప్పింది."

తవస్ తన పిండి కుండకి మూత పెట్టింది.

"మా పెద్దాడు యాగ్మిర్ ఇస్తాంబుల్ వెళ్ళి రెండేళ్ళ నాలుగు నెలలైంది. ఫోనులో గొంతు వినపడుతుంది. ముఖమే..." ఆమె గిన్నె మీద గుడ్డ సర్దింది. "జుట్టు రాలుతోందంటాడు. ఎంత రాలిందో చూద్దామని."

"దొవ్లెత్ ఊరంతటికీ ఇస్తాడు కదా పెద్దమ్మా."

"ఊరికిస్తాడు. ఇంట్లో పెట్టడు. ఇంట్లో ఉందని తెలిస్తే ఉద్యోగం పోతుందట. అన్న ముఖం చూడకపోతే నీ ప్రాణమేం పోదన్నాడు."

ఒక్క ఇల్లే, అన్న తమ్ముడి గొంతు తవస్ చెవిలో ఉంది. రేపు పన్నెండింటి పాఠం ఉంది. ఎదురుగా ఉన్నదేమో తలుపులు మూసేవాడి కన్నతల్లి.

"నా దగ్గరున్నది పాఠానికే పెద్దమ్మా," అంది. "వేరే వాటికి రాదు."

"అలాగా అమ్మా," అంది ముసలామె. "పిండి ఇచ్చావు, అదే చాలు." గిన్నెని రెండు చేతులా పట్టుకుని, గుమ్మం దాటేటప్పుడు ఎప్పటిలాగే దీవించి వెళ్ళింది.

తవస్ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ మాట ఎక్కడ విన్నదో వెంటనే తెలిసింది. రాదు. దానికి రాదు, దీనికి రాదు. పలావు తిన్న నోటినుంచి విన్నప్పుడు ఎంత జిడ్డుగా ఉందో తన నోట్లోనూ అంతే జిడ్డుగా ఉంది. వంటింట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించింది. లాభం లేకపోయింది.

శనివారం తెల్లవారాక మొదట చేసిన పని వీధి చివరికి నడవడం. దొవ్లెత్ ఇంకా లేవలేదు. పెద్దమ్మ వాకిలి చిమ్ముతోంది.

"ఒంటిగంటకి రండి," అంది తవస్ మెల్లగా. "యాగ్మిర్ నంబరు కాగితం తెచ్చుకోండి. మీ అబ్బాయికి ఒంటిగంటన్నరకి మా ఇంట్లో భోజనం. చెప్పనక్కర్లేదు, ఆయనకి గుర్తుంటుంది."

పెద్దమ్మ చీపురు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత మళ్ళీ చిమ్మడం మొదలుపెట్టింది, కొంచెం వేగంగా.

*

పన్నెండింటికి టీచరు చేతులు తెర మీద నిజం చేతులంత కనపడ్డాయి. మైసా ముందు రెండు నిమిషాలు ఏమీ చేయలేదు, చూస్తూ కూర్చుంది. తర్వాత తెరిచిన పంపులా చేతులు కదిలించింది. మూడు వారాల మాటలు. తందూరు, వాన, మాడిన రొట్టె, పిన్నిని ముద్దుపెట్టుకున్న అమ్మ. మనుషులకి చేతి పేర్లు పెట్టడం ఇవాళ్టి పాఠం. ఎవరిని చూస్తే ఏది గుర్తొస్తుందో అదే వాళ్ళ పేరు. నాన్నకి గ్యాసు బావుల దగ్గర పెట్టుకునే టోపీ. అమ్మకి తుడిచే గుడ్డ. తవస్‌కి అంత నచ్చలేదు కానీ కాదనలేకపోయింది. అప్పుడు పిల్ల బొటనవేలితో కింది పెదవి తుడుచుకుని మోకాలికి రాసింది. టీచరు నవ్వి నవ్వి కళ్ళజోడు తీసేసింది.

వచ్చే శనివారం కూడా ఇదే గంట, అని వెళ్తూ చెప్పింది.

ఒంటిగంటకి ఆ కుర్చీలోనే ఒగుల్‌బీబీ పెద్దమ్మ కూర్చుంది. ఇస్తాంబుల్‌లో ఒక కుట్టు కార్ఖానా గోడ, దాని ముందు నుదురు పెద్దదైన ఒక మనిషి కనపడ్డారు. ఆమె ముందుకి వంగింది. తెర మీద వేలితో అతని నుదుటినుంచి నడినెత్తిదాకా కొలిచింది.

"సగం పోయింది," అంది.

"సగం ఉందమ్మా," అన్నాడు యాగ్మిర్. ఇద్దరూ ఏడ్చారు.

దొవ్లెత్ చెప్పిన వేళకి వచ్చాడు. స్నానం చేసి, జుట్టు తడిగా ఉంది. బయటినుంచే "వదినా, ఫిచ్చి వాసన వీధిలోకి..." అంటూ లోపలికొచ్చి ఆగిపోయాడు.

"ఎవడు, మన దొవ్లెతా?" అన్నాడు తెరలోంచి అన్న. "ఏరా, ఇద్దరు మనుషులంతయ్యావేంట్రా? నా జుట్టంతా నీ పొట్టకి చేరినట్టుంది."

దొవ్లెత్ నవ్వలేదు. ముందు తల్లిని చూశాడు, తర్వాత అన్నని, తర్వాత తెర మూల పచ్చని తాళంకప్పని. ఆ చివరి చూపు ఆఫీసు చూపు. ఏ దారో, ఎక్కడినుంచో వెతికే చూపు. తవస్ చేతిలో పళ్ళెం వేడిగా ఉంది, ఆ సంగతి తర్వాత తెలిసింది.

పెద్దమ్మ లేవకుండానే సచక్ మీది రొట్టె తీసి కొడుకు ముందుకి జరిపింది.

"చెయ్యి వెయ్యి."

"అమ్మా."

"ఈ తలుపు మూయనని చెయ్యి వేసి చెప్పు. ఊరందరికీ వేస్తావు కదా."

అతను చెయ్యి చాపాడు. రొట్టెకి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. రెండుసార్లు ముందుకి కదిలి, తర్వాత వెనక్కి వెళ్ళి, జేబులోకి దూరిపోయింది. ఆ రోజు అతను ఫిచ్చి ముట్టలేదు. అంత పెద్ద మనిషి ఆకలితో కూర్చోవడం తవస్ ఎప్పుడూ చూడలేదు. చూడాలని ఎన్నోసార్లు అనుకుంది. చూశాక అనుకున్నంత బాగా ఏమీ లేదు.

వెళ్తూ గుమ్మం బయట బూట్లు తొడుక్కుంటున్నట్టు వంగి, తల ఎత్తకుండా అడిగాడు.

"వదినా, అది ఎవరి దగ్గర తీసుకున్నావు?"

"చుట్టాల దగ్గర."

"నేనిచ్చేవి రెండు రోజులకి పోతాయి. ఇంట్లో పెట్టుకుంటే ఎప్పుడు పట్టుబడతానో తెలీదు. ఇది శుభ్రంగా ఉంది, జాబితాల్లో ఎక్కడా లేదు." ముడి వేసిన లేసుని మళ్ళీ విప్పాడు. "దాన్ని నేను చూడలేదు. మా ఆఫీసులో ఇంకెవడూ చూడకుండా కూడా నేను చూసుకుంటా. మా ఇంట్లో ఒకటి పెట్టిస్తావా? అమ్మ కోసం."

అమ్మ కోసం అన్న మాట మాత్రం తల దించుకునే అన్నాడు. తవస్‌కి కావలసింది ఇదే. ఈ నోటి నీడలో తన పిల్ల పాఠాలు ఇక ప్రతి శనివారం సాగుతాయి. ఇంతకంటే గట్టి తాళంచెవి ఏ జాబితాలోనూ దొరకదు. అది తలచుకుని చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. ఈ దారిని మెర్దాన్ వేశాడనుకుంది. చివరికి కాపలాకి కూర్చున్నది ఇతను.

"మీ ఇంట్లో లినక్స్ ఉందా?" అంది.

"లేదు."

"అయ్యో," అంది తవస్. "ఇది లినక్స్‌కి తప్ప రాదే."

అతను ఆమెని చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టుంది, గుర్తు రాకపోయినా ఉండవచ్చు.

"పెద్దమ్మని శనివారాలు ఒంటిగంటకి పంపండి. మీరు మాత్రం భోజనం చేసి రండి."

అతను తలూపి మెట్లు దిగాడు. గుమ్మంలోకి వచ్చిన మైసా అతన్ని చూసి, బొటనవేలితో కింది పెదవి తుడుచుకుని మోకాలికి రాసింది.

"ఏమంటోంది?"

"మీ పేరు చెబుతోంది."

"నా పేరే?" దొవ్లెత్ ముఖం ఆ రోజు మొదటిసారి విప్పారింది. "నాకూ పేరుందా ఆ భాషలో?"

వేలు పెదవికి ఆనించి, మోకాలికి రాసుకుని, సరిగ్గా చేశానా అన్నట్టు పిల్ల వైపు చూశాడు. మైసా గంభీరంగా తలూపింది. అతను వీధిలో నడుస్తూ, ఎదురొచ్చిన పొరుగాయనకి కూడా ఆగి ఒకసారి చేసి చూపించాడు.